గేట్‌ పరీక్ష: దరఖాస్తు మొదలు ప్రవేశం వరకు అభ్యర్థులు, అధికారులు గమనించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

ఇంజనీరింగ్‌, సాంకేతిక, విజ్ఞాన శాస్త్రాలలో స్నాతకోత్తర విద్య అభ్యసించదలచిన వారికి దేశంలో ప్రధాన అర్హత పరీక్ష గ్రాడ్యుయేట్‌ ఆప్టిట్యూడ్‌ టెస్ట్‌ ఇన్‌ ఇంజనీరింగ్‌. సంక్షిప్తంగా ఇది గేట్‌గా ప్రసిద్ధి పొందింది. ఏటా ఫిబ్రవరి మాసంలో ఈ పరీక్ష జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ రాష్ట్రాలలోని ఇంజనీరింగ్‌ కళాశాలల నుంచి పెద్ద సంఖ్యలో విద్యార్థులు దీనికి హాజరవుతుంటారు.

గేట్‌ కేవలం ఒక రోజు వ్రాసే పరీక్ష కాదు. ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో దరఖాస్తు, ఫిబ్రవరిలో పరీక్ష, మార్చి నుంచి జులై వరకు ప్రవేశాల ప్రక్రియ అనే మూడు దశలు ఇందులో ఉన్నాయి. మధ్య దశకు అభ్యర్థులు నెలల తరబడి శ్రమిస్తారు. అయితే మొదటి దశలో పేరు తప్పుగా నమోదు కావడం, చివరి దశలో సరైన నమూనాలో కుల ధ్రువపత్రం లేకపోవడం, విడిగా దరఖాస్తు చేయవలసిన సంస్థకు గడువులోగా చేయకపోవడం వంటి కారణాల వల్ల మంచి మార్కులు వచ్చినప్పటికీ సీటు చేజారిపోయే ప్రమాదం ఉన్నది. ఇవి ముందుగా తెలిస్తే తప్పించుకోగలిగినవే. ఈ దృష్టితో మూడు దశల వివరాలను పాత్రికేయులు, కళాశాలల యాజమాన్యాలు, రెవెన్యూ, విద్యాశాఖల అధికారుల సౌకర్యార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

నిర్వహణ

కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖలోని ఉన్నత విద్యా విభాగానికి చెందిన జాతీయ సమన్వయ మండలి తరఫున బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, బొంబాయి, ఢిల్లీ, గువాహటి, కాన్పూర్‌, ఖరగ్‌పూర్‌, మద్రాస్‌, రూర్కీ ఐఐటీలు సంయుక్తంగా గేట్‌ను నిర్వహిస్తున్నాయి. ఈ 8 సంస్థలలో ఒక్కొక్కటి వంతులవారీగా నిర్వహణ బాధ్యత స్వీకరిస్తుంది. 2023లో కాన్పూర్‌ ఐఐటీ, 2024లో భారతీయ విజ్ఞాన సంస్థ, 2025లో రూర్కీ ఐఐటీ ఈ బాధ్యత నిర్వర్తించగా, 2026 పరీక్ష బాధ్యత గువాహటి ఐఐటీకి లభించింది. నిర్వహణ సంస్థ మారినప్పుడు అధికారిక వెబ్‌సైటు చిరునామా కూడా మారుతుంది. పాత సంవత్సరపు వెబ్‌సైటులోని తేదీలను, రుసుములను చూసి పొరబడకుండా అభ్యర్థులు జాగ్రత్త వహించవలసి ఉంటుంది.

2014 నుంచి అన్ని పేపర్లనూ కంప్యూటర్‌ ఆధారంగానే నిర్వహిస్తున్నారు. హైదరాబాద్‌, వరంగల్‌, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి వంటి నగరాలలో పరీక్షా కేంద్రాలు ఏర్పాటు చేస్తున్నారు. ప్రశ్నపత్రం పూర్తిగా ఆంగ్ల భాషలోనే ఉంటుంది.

ఎవరు అర్హులు?

ఏదైనా డిగ్రీ కోర్సులో మూడవ సంవత్సరం లేదా ఆపై సంవత్సరాలు చదువుతున్న వారు, ప్రభుత్వ ఆమోదం గల సంస్థల నుంచి ఇంజనీరింగ్‌, టెక్నాలజీ, ఆర్కిటెక్చర్‌, సైన్స్‌, కామర్స్‌, ఆర్ట్స్‌, హ్యుమానిటీస్‌ విభాగాలలో డిగ్రీ పూర్తి చేసిన వారు దరఖాస్తు చేసుకోవచ్చును. మూడవ సంవత్సరం విద్యార్థులకు, ఆర్ట్స్‌, కామర్స్‌ పట్టభద్రులకు 2021 పరీక్ష నుంచి ఈ అవకాశం లభించింది. వయోపరిమితి లేదు. ఎన్నిసార్లు వ్రాయవచ్చుననే విషయంలోనూ పరిమితి లేదు.

ఫలితాలు వెలువడిన నాటి నుంచి 3 సంవత్సరాల పాటు స్కోరు చెల్లుబాటు అవుతుంది. బి.టెక్‌ మూడవ సంవత్సరంలోనే అర్హత సాధించిన విద్యార్థి చదువు ముగిసిన తరువాత ఆ స్కోరును వినియోగించుకొనవచ్చును. అవసరమనుకుంటే మరుసటి సంవత్సరం మళ్లీ వ్రాసి, రెండింటిలో మెరుగైన దానితో ప్రవేశానికి ప్రయత్నించవచ్చును.

అయితే పరీక్ష వ్రాయడానికి ఉన్న అర్హత వేరు, ప్రవేశానికి కావలసిన అర్హత వేరు. ఏ డిగ్రీ వారికి ఏ ఎం.టెక్‌ కోర్సులో ప్రవేశం ఇవ్వాలనే విషయం ఆయా సంస్థలే నిర్ణయిస్తాయి. కనుక పేపరును ఎంచుకొనే ముందే తాము చేరదలచిన సంస్థ నిబంధనలను పరిశీలించుకోవడం ఉత్తమం.

పేపరు ఎంపిక

సివిల్‌, మెకానికల్‌, ఎలక్ట్రికల్‌, ఎలక్ట్రానిక్స్‌, కంప్యూటర్‌ సైన్స్‌ మొదలుకొని గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు, జీవశాస్త్రాలు, హ్యుమానిటీస్‌ వరకు 30 పేపర్లలో ఈ పరీక్ష జరుగుతున్నది. 2021లో పర్యావరణ ఇంజనీరింగ్‌, హ్యుమానిటీస్‌ పేపర్లు, 2022లో జియోమాటిక్స్‌, నౌకా నిర్మాణ ఇంజనీరింగ్‌ పేపర్లు, 2024లో డేటా సైన్స్‌, కృత్రిమ మేధ పేపరు కొత్తగా చేరాయి.

ఒక అభ్యర్థి ఒక పేపరు గాని, నిర్వాహకులు ప్రకటించిన జతలలో నుంచి రెండు పేపర్లు గాని వ్రాయవచ్చును. రెండవ పేపరుకు రుసుము అదనంగా చెల్లించాలి. కంప్యూటర్‌ సైన్స్‌ విద్యార్థులు డేటా సైన్స్‌ పేపరును కూడా ఎంచుకోవడం వంటి సందర్భాలలో ఈ వెసులుబాటు ఉపకరిస్తుంది. రెండు పాఠ్యప్రణాళికలలో ఉమ్మడి భాగం తక్కువగా ఉన్నప్పుడు మాత్రం ఒకే పేపరుపై దృష్టి నిలపడం మేలు.

దరఖాస్తు విధానం

దరఖాస్తులను ఆన్‌లైన్‌లో మాత్రమే స్వీకరిస్తారు. సాధారణంగా ఆగస్టు చివరి వారంలో ప్రారంభమై సెప్టెంబరు చివర లేదా అక్టోబరు మొదటి వారం వరకు స్వీకరణ కొనసాగుతుంది. ఆ తరువాత ఆలస్య రుసుముతో మరికొద్ది రోజులు గడువు ఇస్తారు. మహిళలు, షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగల అభ్యర్థులు, దివ్యాంగులు మిగిలిన వారు చెల్లించే రుసుములో సగం చెల్లిస్తే సరిపోతుంది. 2025 పరీక్షకు ఒక్కో పేపరుకు వీరి రుసుము రూ.900, ఇతరుల రుసుము రూ.1,800గా నిర్ణయించారు. ఇతర వెనుకబడిన తరగతులు, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల పురుష అభ్యర్థులకు రుసుములో రాయితీ లేదు.

దరఖాస్తు పూరించేటప్పుడు ఇటీవల తీసిన ఫొటో, సంతకం, గుర్తింపు పత్రం, వర్తించే సందర్భంలో ఎస్సీ, ఎస్టీ లేదా దివ్యాంగ ధ్రువపత్రం నిర్దేశించిన పరిమాణంలో అప్‌లోడ్‌ చేయాలి. ఫొటో అస్పష్టంగా ఉన్నా, సంతకం పెద్ద అక్షరాలలో ఉన్నా దరఖాస్తును లోపం గలదిగా గుర్తించి సవరించమని కోరతారు. ఈ సమాచారం ఈమెయిలుకు, దరఖాస్తు పోర్టల్‌కు మాత్రమే వస్తుంది. రుసుము చెల్లించిన తరువాత తిరిగి పోర్టల్‌ను చూడని అభ్యర్థులు సవరణ గడువును కోల్పోయే అవకాశం ఉన్నది. ఇంటర్‌నెట్‌ కేంద్రాల నిర్వాహకుల ఈమెయిలు చిరునామా, ఫోను నంబరు ఇవ్వడం ఎంతమాత్రం శ్రేయస్కరం కాదు. ప్రవేశాలు ముగిసే వరకు అదే చిరునామాకు సమాచారం వస్తుంది కనుక అభ్యర్థి సొంత వివరాలే నమోదు చేయాలి.

పేరు విషయంలో జాగ్రత్త

తెలుగువారికి ఈ దశలో ప్రత్యేకంగా ఎదురయ్యే సమస్య పేరు. పదవ తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఆధార్‌ కార్డులో అదే ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా ఉండవచ్చు, లేదా చివరకు చేరి ఉండవచ్చు. బ్యాంకు ఖాతాలో మూడవ విధంగా ఉండటమూ కద్దు. గేట్‌ దరఖాస్తులో నమోదు చేసిన పేరు, పుట్టిన తేదీ పరీక్ష రోజున చూపించే గుర్తింపు పత్రంలోని వివరాలతో సరిపోలాలి. ప్రవేశ సమయంలో అదే స్కోరు కార్డును పదవ తరగతి, డిగ్రీ ధ్రువపత్రాలతో పోల్చి చూస్తారు. పేరుకు ముందు శ్రీ, కుమారి వంటి గౌరవ పదాలు చేర్చరాదు.

కాబట్టి దరఖాస్తు ప్రారంభం కాకముందే, అంటే జూన్‌, జులై మాసాలలోనే, ఆధార్‌ కార్డులోని పేరును పదవ తరగతి ధ్రువపత్రానికి అనుగుణంగా సరిచేయించుకొనడం అన్నిటికంటే సులువైన మార్గం. దరఖాస్తులు ముగిసిన తరువాత కొన్ని వివరాల సవరణకు పరిమిత కాలం పాటు అవకాశం కల్పించడం ఆనవాయితీ. ఆ గడువు దాటిన పిదప మార్పులకు వీలుండదు.

కుల, ఆదాయ ధ్రువపత్రాలు

గేట్‌ ద్వారా భర్తీ అయ్యే సీట్లలో అధిక భాగం కేంద్ర విద్యాసంస్థలలో ఉన్నాయి. ఈ సంస్థలలో షెడ్యూల్డు కులాలకు 15 శాతం, షెడ్యూల్డు తెగలకు 7.5 శాతం, ఇతర వెనుకబడిన తరగతులలోని సంపన్నేతర శ్రేణికి 27 శాతం, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం సీట్లు కేటాయిస్తారు. దివ్యాంగులకు అన్ని వర్గాలలోనూ 5 శాతం సీట్లు ప్రత్యేకిస్తారు.

ఇక్కడ రెండు విషయాలు ప్రధానంగా గమనించవలసి ఉన్నది.

మొదటిది, రాష్ట్ర ప్రభుత్వ అవసరాలకు జారీ చేసే వెనుకబడిన తరగతుల ధ్రువపత్రం కేంద్ర సంస్థలలో చెల్లదు. మన రాష్ట్రాలలో వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డి, ఇ వర్గాలుగా విభజించారు. కేంద్ర జాబితాలో ఇటువంటి విభజన లేదు. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు. అందువల్ల తమ కులం కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో అభ్యర్థి ముందుగా నిర్ధారించుకొని, కేంద్ర ప్రభుత్వం నిర్దేశించిన నమూనాలో, సంపన్న శ్రేణికి చెందరని పేర్కొనే ధ్రువపత్రం పొందాలి. సంపన్న శ్రేణి నిర్ధారణకు వార్షికాదాయ పరిమితిని 2017లో రూ.8 లక్షలకు పెంచారు.

రెండవది, ధ్రువపత్రం తేదీ. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ధ్రువపత్రం ఆర్థిక సంవత్సరం ప్రాతిపదికగా చెల్లుబాటు అవుతుంది. దరఖాస్తు సమయంలో, అంటే సెప్టెంబరులో పొందిన పత్రం మరుసటి మార్చి 31తో కాలం తీరిపోతుంది. ప్రవేశాలు మే నుంచి జులై వరకు జరుగుతాయి కనుక ఏప్రిల్‌ 1 తరువాత జారీ అయిన కొత్త పత్రం అవసరమవుతుంది. సంపన్నేతర శ్రేణి ధ్రువపత్రం విషయంలోనూ ప్రవేశ సంస్థలు ఏప్రిల్‌ 1 లేదా ఆ తరువాతి తేదీ గల పత్రాన్నే సాధారణంగా కోరతాయి. పాత పత్రం చూపిన అభ్యర్థిని జనరల్‌ కేటగిరీకి మార్చడం గాని, కేటాయించిన సీటును రద్దు చేయడం గాని జరగవచ్చును.

ఆర్థికంగా వెనుకబడిన వర్గాల రిజర్వేషన్‌ 2019లో 103వ రాజ్యాంగ సవరణ ద్వారా అమలులోకి వచ్చింది. కేంద్ర సంస్థలలో ఈ రిజర్వేషన్‌ కోసం కుటుంబ వార్షికాదాయం రూ.8 లక్షలకు లోపు ఉండటమే గాక, 5 ఎకరాలు లేదా అంతకు మించి వ్యవసాయ భూమి, 1,000 చదరపు అడుగులు లేదా అంతకు మించిన ఫ్లాటు, నోటిఫైడ్‌ మున్సిపాలిటీలలో 100 చదరపు గజాలు, ఇతర ప్రాంతాలలో 200 చదరపు గజాలు లేదా అంతకు మించిన నివాస స్థలం ఉండరాదనే నిబంధనలు కూడా వర్తిస్తాయి.

ప్రశ్నపత్రం తీరు

పరీక్ష వ్యవధి 3 గంటలు. మొత్తం 65 ప్రశ్నలకు 100 మార్కులు. అన్ని పేపర్లలోనూ జనరల్‌ ఆప్టిట్యూడ్‌ నుంచి 10 ప్రశ్నలకు 15 మార్కులు ఉంటాయి. ఈ విభాగాన్ని 2010లో ప్రవేశపెట్టారు. సివిల్‌, మెకానికల్‌, ఎలక్ట్రికల్‌, కంప్యూటర్‌ సైన్స్‌ వంటి ఇంజనీరింగ్‌ పేపర్లలో ఇంజనీరింగ్‌ గణితానికి 13 మార్కులు, మిగిలిన 72 మార్కులు విషయానికి కేటాయించారు. గణితం, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, డేటా సైన్స్‌ వంటి పేపర్లలో 85 మార్కులూ విషయానికే చెందుతాయి.

ప్రశ్నలు మూడు రకాలు. నాలుగు జవాబులలో ఒకటి మాత్రమే సరైనది అయ్యే మల్టిపుల్‌ ఛాయిస్‌ ప్రశ్నలు మొదటి రకం. ఒకటి లేదా అంతకంటే ఎక్కువ జవాబులు సరైనవి అయ్యే మల్టిపుల్‌ సెలెక్ట్‌ ప్రశ్నలు రెండవ రకం. వీటిని 2021లో ప్రవేశపెట్టారు. సరైనవన్నీ గుర్తించి, తప్పు జవాబు ఒక్కటి కూడా గుర్తించనప్పుడే మార్కులు లభిస్తాయి. కొంత భాగం సరైనదైనందుకు మార్కులు ఇవ్వరు. జవాబును అంకెలలో టైపు చేయవలసిన న్యూమరికల్‌ ప్రశ్నలు మూడవ రకం.

తప్పు జవాబులకు మార్కుల కోత మొదటి రకం ప్రశ్నలకే పరిమితం. ఒక మార్కు ప్రశ్నకు మూడవ వంతు, రెండు మార్కుల ప్రశ్నకు మూడింట రెండు వంతుల మార్కు తగ్గిస్తారు. మిగిలిన రెండు రకాల ప్రశ్నలకు కోత లేదు. ఈ నిబంధనను అభ్యర్థులు లెక్కతో సహా అర్థం చేసుకోవడం అవసరం. ఏమీ తెలియని 12 ఒక మార్కు ప్రశ్నలకు గుడ్డిగా జవాబులు గుర్తిస్తే సగటున 3 సరిపోయి 3 మార్కులు వస్తాయి. తప్పిన 9 ప్రశ్నలకు 3 మార్కులు పోతాయి. అంటే లాభం శూన్యం. నాలుగు జవాబులలో ఒకటి కచ్చితంగా తప్పని తెలిసినప్పుడు మాత్రం మిగిలిన మూడింటిలో ఒకటి గుర్తించడం సగటున స్వల్ప లాభాన్ని ఇస్తుంది. కోత లేని ప్రశ్నలను ఖాళీగా వదలడం వల్ల మాత్రం ప్రయోజనం లేదు.

సన్నద్ధత

పాఠ్యప్రణాళిక అధికారిక వెబ్‌సైటులో లభిస్తుంది. ఇంజనీరింగ్‌ పేపర్లలో గణితం, జనరల్‌ ఆప్టిట్యూడ్‌ కలిపి 28 మార్కులు కావడం గమనార్హం. ఇంజనీరింగ్‌ గణితంలో ఎక్కువ భాగం బి.టెక్‌ మొదటి రెండు సంవత్సరాలలోనే బోధిస్తారు. ఈ భాగాన్ని రెండవ సంవత్సరం వేసవి సెలవులలోనే పునశ్చరణ చేసుకొంటే, తరువాతి కాలాన్ని పూర్తిగా విషయానికి వినియోగించవచ్చును.

గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు అధికారిక వెబ్‌సైట్లలో ఉచితంగా లభిస్తున్నాయి. కనీసం 10 సంవత్సరాల పత్రాలను అధ్యాయాలవారీగా ఒకసారి, 3 గంటల నియమిత కాలంలో మరొకసారి సాధన చేయడం ప్రయోజనకరం. తప్పిన ప్రశ్నలను భావన తెలియనివి, లెక్కలో పొరబడినవి, ప్రశ్నను సరిగా చదవనివి అని మూడు రకాలుగా వేరు చేసి వ్రాసుకొంటే ఏ లోపాన్ని సరిదిద్దుకోవాలో అభ్యర్థికే స్పష్టమవుతుంది.

సొంత కాలిక్యులేటరును పరీక్షా కేంద్రంలోకి అనుమతించరు. కంప్యూటర్‌ తెరపై కనిపించే కాలిక్యులేటరును మౌస్‌తో వాడుకోవాలి. సాధారణ కాలిక్యులేటరుకు అలవాటుపడిన వారికి దీనితో సమయం వృథా అయ్యే అవకాశం ఉన్నది. అధికారిక వెబ్‌సైటులోని మాక్‌ టెస్టును ముందుగా పలుమార్లు వ్రాయడం వల్ల ఈ ఇబ్బంది తొలగుతుంది. ఇంట్లో కంప్యూటర్‌ లేని విద్యార్థుల కోసం కళాశాలలు డిసెంబరు, జనవరి మాసాలలో తమ కంప్యూటర్‌ ప్రయోగశాలలను సాయంత్రం వేళల్లో అందుబాటులో ఉంచడం మంచిది.

రుసుము చెల్లించి శిక్షణ పొందే స్తోమత లేని వారికి ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి రూపొందించిన ఎన్‌పీటీఈఎల్‌ వీడియో పాఠాలు ఉచితంగా లభిస్తున్నాయి. కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థులు తెలుగులో భావనను గ్రహించినప్పటికీ, ప్రశ్నలు ఆంగ్లంలోనే ఉంటాయి కనుక ఆంగ్ల పారిభాషిక పదాలను, జనరల్‌ ఆప్టిట్యూడ్‌లోని భాషా సంబంధ ప్రశ్నలను నిత్యం సాధన చేయాలి.

పరీక్ష రోజున

అడ్మిట్‌ కార్డును జనవరిలో వెబ్‌సైటు నుంచి డౌన్‌లోడ్‌ చేసుకొనవలసి ఉంటుంది. దానిని తపాలా ద్వారా పంపరు. పరీక్షలు ఫిబ్రవరి మాసపు వారాంతాలలో ఉదయం 9.30 నుంచి 12.30 గంటల వరకు, మధ్యాహ్నం 2.30 నుంచి 5.30 గంటల వరకు జరగడం పరిపాటి. అడ్మిట్‌ కార్డు ప్రతితో పాటు దరఖాస్తులో పేర్కొన్న గుర్తింపు పత్రపు అసలు ప్రతిని తీసుకొని రావాలి. నకలు ప్రతిని అంగీకరించరు. సెల్‌ఫోన్లు, చేతి గడియారాలు, కాలిక్యులేటర్లు నిషిద్ధం. లెక్కలు చేసుకొనేందుకు కేంద్రంలోనే కాగితాల పుస్తకం ఇస్తారు.

పరీక్ష తరువాత అభ్యర్థి గుర్తించిన జవాబులను, ప్రాథమిక జవాబుల పట్టికను వెబ్‌సైటులో ఉంచుతారు. పట్టికలోని జవాబుపై అభ్యంతరం ఉన్నవారు నిర్ణీత గడువులో రుసుము చెల్లించి ఆధారాలతో తెలియజేయవచ్చును. ఆ తరువాతనే తుది ఫలితాలు వెలువడతాయి.

మార్కులు, స్కోరు

గేట్‌ ఫలితంలో మార్కులు, స్కోరు, ర్యాంకు అనే మూడు వేర్వేరు అంకెలు ఉంటాయి. వీటిని ఒకటిగా పరిగణించడం వల్ల వార్తలలో సైతం పొరపాట్లు దొర్లే అవకాశం ఉన్నది.

మార్కులు 100కు లెక్కిస్తారు. ఒకే పేపరును ఒకటికి మించి విడతలలో నిర్వహించినప్పుడు విడతల మధ్య కాఠిన్య భేదాన్ని సవరించి మార్కులను సమీకరిస్తారు. జనరల్‌ కేటగిరీ అర్హత మార్కు 25 గాని, ఆ పేపరు వ్రాసిన వారందరి సగటు మార్కులకు ప్రామాణిక విచలనం కలుపగా వచ్చిన మొత్తం గాని, ఏది ఎక్కువైతే అది అవుతుంది. ఇతర వెనుకబడిన తరగతులు, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల వారికి ఇందులో 90 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు మూడింట రెండు వంతులు అర్హత మార్కుగా నిర్ణయిస్తారు.

స్కోరును 1,000కి లెక్కిస్తారు. జనరల్‌ కేటగిరీ అర్హత మార్కుకు 350 స్కోరు, అగ్రస్థానంలో నిలిచిన 0.1 శాతం లేదా 10 మంది, ఏ సంఖ్య ఎక్కువైతే వారి సగటు మార్కులకు 900 స్కోరు ఇచ్చి, మిగిలిన వారికి ఆ నిష్పత్తిలో లెక్కిస్తారు. ఉదాహరణకు ఒక పేపరులో అర్హత మార్కు 30, అగ్రశ్రేణి సగటు 80 అనుకుందాం. 50 మార్కులు పొందిన అభ్యర్థి అర్హత మార్కు కంటే 20 మార్కులు ఎక్కువ సాధించాడు. 30 నుంచి 80 వరకు గల 50 మార్కుల వ్యత్యాసానికి 550 స్కోరు కనుక 20 మార్కులకు 220 అవుతుంది. దానికి 350 కలిపితే అతని స్కోరు 570. ఈ విధానంలో రిజర్వుడు వర్గాల అభ్యర్థి అర్హుడై ఉండి కూడా 350 కంటే తక్కువ స్కోరు పొందడం సహజం. దానిని అనర్హతగా భావించరాదు.

ఫలితాలు మార్చి మాసంలో వెలువడతాయి. అర్హత సాధించిన వారు మాత్రమే స్కోరు కార్డు డౌన్‌లోడ్‌ చేసుకోగలరు.

ప్రవేశాలు: విడివిడిగా దరఖాస్తులు

గేట్‌లో అర్హత సాధించినంత మాత్రాన ఏ సంస్థలోనూ సీటు దానంతట అదే లభించదు. ప్రవేశాలకు మూడు ప్రధాన మార్గాలు ఉన్నాయి.

ఐఐటీలలో చేరదలచిన వారు ఏ ఐఐటీకి ఆ ఐఐటీకి దరఖాస్తు చేయాలి. మన ప్రాంతంలో 2008లో ఏర్పాటై సంగారెడ్డి జిల్లా కందిలో నెలకొన్న హైదరాబాద్‌ ఐఐటీ, 2015లో ఏర్పాటైన తిరుపతి ఐఐటీ ఉన్నాయి. ఈ దరఖాస్తులు ఫలితాల సమయంలోనే, మార్చి, ఏప్రిల్‌ మాసాలలో ముగిసిపోతాయి. దరఖాస్తు చేసిన వారికి ఐఐటీలు ఇచ్చే సీట్ల వివరాలను కామన్‌ ఆఫర్‌ యాక్సెప్టెన్స్‌ పోర్టల్‌లో చూసుకొని, వచ్చిన సీటును ఖరారు చేసుకోవడమా, నిలుపుకొని తదుపరి విడతకు వేచి ఉండటమా, తిరస్కరించడమా అనేది గడువులోగా తెలియజేయాలి. ఈ పోర్టల్‌లో నమోదు కావడం ఐఐటీలకు దరఖాస్తు చేసినట్లు కాదు. రెండూ వేర్వేరుగా జరగాలి.

ఎన్‌ఐటీలు, మరికొన్ని కేంద్ర నిధులతో నడిచే సంస్థలలోని ఎం.టెక్‌, ఎం.ఆర్క్‌, ఎం.ప్లాన్‌ సీట్లను సీసీఎంటీ అనే కేంద్రీకృత కౌన్సెలింగ్‌ ద్వారా భర్తీ చేస్తారు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్‌ కళాశాలగా ప్రారంభమై 2002లో ఎన్‌ఐటీగా మారిన వరంగల్‌ సంస్థ, 2015లో తాడేపల్లిగూడెంలో ఏర్పాటైన ఆంధ్రప్రదేశ్‌ ఎన్‌ఐటీ ఈ కోవలోనివి. ఇక్కడ ఒకే దరఖాస్తులో సంస్థలను, కోర్సులను ప్రాధాన్యక్రమంలో నమోదు చేయాలి.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, వాటి అనుబంధ కళాశాలలలోని సీట్లను ఆయా రాష్ట్రాల ఉన్నత విద్యామండలి పీజీఈసెట్‌ కౌన్సెలింగ్‌ ద్వారా భర్తీ చేస్తుంది. ఈ కౌన్సెలింగ్‌లో గేట్‌ అర్హులకు ముందుగా అవకాశం ఇచ్చి, మిగిలిన సీట్లను పీజీఈసెట్‌ ర్యాంకుల ప్రకారం కేటాయిస్తారు. గేట్‌ అర్హులు పీజీఈసెట్‌ వ్రాయనవసరం లేదు. కౌన్సెలింగ్‌కు మాత్రం విడిగా నమోదు చేసుకోవలసి ఉంటుంది.

ఉపకార వేతనం

ఏఐసీటీఈ ఆమోదం గల సంస్థలలో చెల్లుబాటు అయ్యే గేట్‌ స్కోరుతో పూర్తికాలిక ఎం.టెక్‌లో చేరిన విద్యార్థులకు నెలకు రూ.12,400 చొప్పున ఉపకార వేతనం లభిస్తుంది. 24 నెలలకు ఈ మొత్తం రూ.2,97,600 అవుతుంది. ఇందుకు ప్రతిగా విద్యార్థి వారానికి 8 నుంచి 10 గంటలు బోధన, ప్రయోగశాల పనులలో సహకరించాలి. కేవలం పీజీఈసెట్‌ ర్యాంకుతో అదే తరగతిలో చేరిన విద్యార్థికి ఈ వేతనం వర్తించదు. తల్లిదండ్రుల సంపాదనపై ఆధారపడలేని కుటుంబాల విద్యార్థులకు గేట్‌ అర్హత ఎంత విలువైనదో ఈ ఒక్క వ్యత్యాసం తెలియజేస్తుంది.

ఏఐసీటీఈ ఉపకార వేతనానికి విద్యార్థి పేరును చేరిన కళాశాలే నిర్ణీత గడువులో పోర్టల్‌లో నమోదు చేసి ధ్రువీకరించాలి. కళాశాల జాప్యం చేస్తే నష్టపోయేది విద్యార్థి. అందువల్ల ప్రిన్సిపాళ్లు ఈ బాధ్యతను ఒక నిర్ణీత అధ్యాపకునికి అప్పగించడం సముచితం.

ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్‌ వంటి ప్రభుత్వరంగ సంస్థలు ఇంజనీర్ల నియామకాలకు కూడా గేట్‌ స్కోరును ప్రాతిపదికగా తీసుకొంటున్నాయి. ఇవి విడిగా ప్రకటనలు జారీ చేసి విడిగా దరఖాస్తులు స్వీకరిస్తాయి. ఒక నిర్దిష్ట సంవత్సరపు స్కోరును మాత్రమే పరిగణించే సంస్థలూ ఉన్నాయి. ప్రవేశాలకు వర్తించే 3 సంవత్సరాల చెల్లుబాటును ఉద్యోగాలకు కూడా వర్తిస్తుందని భావించరాదు.

అధికారులు, పాత్రికేయుల పాత్ర

గేట్‌ నిర్వహణలో రాష్ట్ర యంత్రాంగానికి నేరుగా బాధ్యత లేదు. అయినప్పటికీ అభ్యర్థికి కావలసిన పత్రాలు స్థానికంగానే జారీ అవుతాయి. ఏప్రిల్‌, మే మాసాలలో సంపన్నేతర శ్రేణి, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ధ్రువపత్రాల కోసం వచ్చే దరఖాస్తులకు తహసీల్దారు కార్యాలయాలు ప్రాధాన్యం ఇవ్వవలసిన అవసరం ఉన్నది. ప్రవేశ గడువులు వారం, పది రోజులలో ముగిసిపోతాయి కనుక కొద్ది రోజుల జాప్యం కూడా ఒక విద్యాసంవత్సరం నష్టానికి దారితీస్తుంది. మీసేవ కేంద్రాల సిబ్బంది దరఖాస్తు స్వీకరించేటప్పుడే అది రాష్ట్ర అవసరానికా, కేంద్ర సంస్థలో ప్రవేశానికా అని అడిగి తెలుసుకొంటే సరైన నమూనాలో పత్రం జారీ చేయడం సులభమవుతుంది.

కళాశాలలు మూడవ సంవత్సరం విద్యార్థులకు జులైలోనే పేరు, పుట్టిన తేదీ వివరాలను సరిచూసుకొనేలా సూచనలు ఇవ్వవచ్చును. డిగ్రీ తుది ఫలితాలు, ప్రొవిజనల్‌ ధ్రువపత్రాలు సకాలంలో అందేలా విశ్వవిద్యాలయాలు చర్యలు తీసుకొంటే ప్రవేశ సమయంలో విద్యార్థులకు ఇబ్బంది ఉండదు.

పత్రికలు పరీక్ష తేదీలకు, ర్యాంకులకు ఇచ్చే ప్రాధాన్యాన్ని దరఖాస్తు గడువుకు, ధ్రువపత్రాల నిబంధనలకు, ఐఐటీ, సీసీఎంటీ దరఖాస్తుల ప్రారంభ తేదీలకు కూడా ఇస్తే గ్రామీణ ప్రాంతాల విద్యార్థులకు ఎంతో మేలు కలుగుతుంది.

సంవత్సర క్రమం ఒక చూపులో

జూన్‌, జులై: గుర్తింపు పత్రాలలో పేరు, పుట్టిన తేదీ సవరణలు.

ఆగస్టు నుంచి అక్టోబరు: ఆన్‌లైన్‌ దరఖాస్తు, రుసుము చెల్లింపు, లోపాల సవరణ.

జనవరి: అడ్మిట్‌ కార్డు డౌన్‌లోడ్‌.

ఫిబ్రవరి: పరీక్ష, ప్రాథమిక జవాబుల పట్టిక, అభ్యంతరాల స్వీకరణ.

మార్చి: ఫలితాలు, స్కోరు కార్డు, ఐఐటీలకు దరఖాస్తులు.

ఏప్రిల్‌: కొత్త ఆర్థిక సంవత్సరపు ధ్రువపత్రాలు, ఐఐటీలకు మిగిలిన దరఖాస్తులు.

మే నుంచి జులై: ఐఐటీల సీట్ల కేటాయింపు, సీసీఎంటీ కౌన్సెలింగ్‌. తదుపరి పీజీఈసెట్‌ కౌన్సెలింగ్‌.

ఇది సాధారణంగా అనుసరించే క్రమం. ఆయా సంవత్సరపు కచ్చితమైన తేదీలు, రుసుములకు నిర్వహణ సంస్థ విడుదల చేసే సమాచార పుస్తికే ప్రమాణం.